టెర్రీ ఫాక్స్ పరుగు – మన కుర్రాళ్ళతో నాలుగు మాటలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం బాధ్యులకు, ధింసా ఆడి చెమట ఆరకుండానే వచ్చి కూర్చున్న ఆడపిల్లలకు, వెనక గట్టు మీద నిలబడ్డ తమ్ముళ్ళకు, అందరికీ జోహార్. గట్టు మీదవాళ్ళు కూడా ముందుకు రండి. ఇక్కడ చోటుంది, నేను మార్కులు అడగను.

ప్రతి ఏడాదీ ఈ సభలో నాకు ‘గిరిజన విద్య’ అని ఒక అంశం ఇస్తారు. ఈసారి వద్దన్నాను. పరుగు గురించి మాట్లాడతానన్నాను. ఎందుకో మీకు తెలుసు. మన కుర్రాళ్ళు హాస్టల్ గేటు దగ్గర్నుంచి సంత దాకా పరుగు పెట్టి, క్యాన్సర్ కోసం చందా పోగుచేద్దామని నెల రోజులుగా అనుకుంటున్నారు. మంచి ఆలోచన. అయితే ఆ రోజు మీటింగులో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి: ‘పరిగెడితే క్యాన్సర్ ఎలా తగ్గుతుంది మేడమ్?’ రెండోది కాస్త ఘాటుగానే వచ్చింది: ‘పరిశోధనకు మనమెందుకివ్వాలి? మనవాళ్ళ బస్సు ఛార్జీలకే దిక్కులేదు కదా?’ రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పాలంటే మీకు ఒక కుర్రాడి సంగతి చెప్పాలి.

ఆయన పేరు టెర్రీ ఫాక్స్. కెనడా దేశం. 1958 జూలై 28న విన్నిపెగ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే స్విచ్‌మన్. నలుగురు పిల్లలు. తర్వాత ఆ కుటుంబం దేశానికి పడమటి కొసన, పోర్ట్ కొక్విట్లాం అనే ఊళ్ళో స్థిరపడింది. ఇంకో సంగతి, ఈ రోజు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. టెర్రీ అమ్మమ్మ మేటి జాతి మనిషి. కెనడా రాజ్యాంగం మూడు ఆదివాసీ సమూహాలను గుర్తిస్తుంది. అందులో మేటీలు ఒకరు. టెర్రీ తమ్ముడికి మేటీగా అధికారిక గుర్తింపు కూడా ఉంది. కెనడాలో పిల్లాడి నుంచి ముసలి దాకా తెలిసిన ఈ పేరు వెనక మనలాంటి ఒక అమ్మమ్మ ఉందని చాలామందికి తెలియదు.

చిన్నప్పుడు టెర్రీకి బాస్కెట్‌బాల్ పిచ్చి. ఆటేమో రాదు, ఎత్తేమో లేదు. ఎనిమిదో తరగతిలో టీములో అందరికంటే వెనకబడ్డవాడు. పీఈటీ మాస్టారు ‘నువ్వు దూరం పరుగు మీద దృష్టి పెట్టు నాయనా’ అన్నారు. పరుగు ఇష్టం లేదు, కానీ మాస్టారి మీద గౌరవం కొద్దీ పరిగెత్తాడు. బాస్కెట్‌బాల్ మాత్రం వదల్లేదు. స్నేహితుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి రోజూ సాధన చేసి, పన్నెండో తరగతికి వచ్చేసరికి ఆ స్నేహితుడితో కలిసి స్కూల్లో ఉత్తమ క్రీడాకారుడి అవార్డు పంచుకున్నాడు. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో చేరాడు. పీఈటీ అవ్వాలని కోరిక. నేను బీఎడ్ చదివినదాన్ని కాబట్టి ఈ ముక్క దగ్గర నా మనసు కొంచెం ఆగుతుంది.

1976 నవంబరులో కారు యాక్సిడెంట్ అయింది. కుడి మోకాలికి చిన్న దెబ్బ. తగ్గిపోయింది అనుకున్నాడు. డిసెంబరులో మళ్ళీ నొప్పి మొదలైంది. ఆటల సీజన్ నడుస్తోంది కదా, అయ్యాక చూద్దామని ఊరుకున్నాడు. 1977 మార్చిలో ఆసుపత్రికి పోతే ఆస్టియోసార్కోమా అన్నారు. ఎముక క్యాన్సర్. కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. దెబ్బ తగలడం వల్ల క్యాన్సర్ వచ్చిందని టెర్రీ కూడా నమ్మేవాడు. డాక్టర్లు కాదన్నారు. ఈ జబ్బు దెబ్బ వల్ల రాదు. దెబ్బ తగిలినప్పుడు మన దృష్టి అక్కడికి పోతుంది, అంతకుముందే ఉన్నది అప్పుడు కనబడుతుంది. దిష్టి వల్ల రాదు, చేతబడి వల్ల రాదు, తల్లిదండ్రుల పాపం వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. పెరిగే వయసులో, అంటే మీ వయసులో, ఎముకలు జోరుగా పొడుగయ్యే రోజుల్లో ఎక్కువగా కనబడుతుంది. ఎక్కువగా మోకాలి చుట్టూ వస్తుంది. అరుదైన జబ్బే, భయపడక్కర్లేదు. కానీ గుర్తు పెట్టుకోండి: నొప్పి రెండు మూడు వారాలైనా వదలకపోయినా, రాత్రి నిద్రలో లేపేస్తున్నా, ఎముక మీద గట్టిగా వాపు తేలినా ఎక్స్‌రే తీయించాలి. పసరు కట్టును నేను తక్కువ చేయను. బెణికినప్పుడు నేనూ కట్టించుకున్నాను, తగ్గింది. అయితే కట్టు కట్టినా వాపు పెరుగుతుంటే అది బెణుకు కాదని అర్థం. అలాంటి వాపును గట్టిగా మర్దన చేయించకండి.

ఇంకో మాట. మన పిల్లల్లో కాళ్ళు చేతులు లాగేసే నొప్పులకు క్యాన్సర్ కంటే చాలా ఎక్కువగా కనబడే కారణం సికిల్ సెల్. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. ఏఎన్ఎం వచ్చి వేలు పొడుస్తానంటే పారిపోకండి. మా హాస్టల్లో ఒకసారి పద్నాలుగు మంది మరుగుదొడ్లలో దాక్కున్నారు, నేను లెక్కపెట్టాను.

టెర్రీ దగ్గరికి వద్దాం. పదహారు నెలలు కీమో చేశారు. ఆ వార్డులో తనకంటే చిన్న పిల్లలు బాధపడటం చూశాడు, కొందరు తిరిగి ఇంటికి పోలేదు. ఆ సమయంలో డాక్టర్లు చెప్పిన ఒక లెక్క ఆయన మనసులో నాటుకుంది: నువ్వు బతికే అవకాశం నూటికి యాభై. ఇదే జబ్బు రెండేళ్ళ ముందు వచ్చుంటే నూటికి పదిహేను. రెండేళ్ళలో ఏం మారింది? మందులు మారాయి. ఎక్కడో ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో ఎవరో డబ్బు పెట్టి, ఎవరో కష్టపడి కనిపెట్టినవి. అందుకే తాను బతికి ఉన్నానని ఆ కుర్రాడికి అర్థమైంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇంకొంచెం దగ్గరగా చెబుతాను. ఆ రోజుల్లో ఎముక క్యాన్సర్ వైద్యాన్ని మార్చిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఇప్పటికీ ఈ జబ్బుకు వాడుతున్నారు. ఆ మందు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో యెల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన పని నుంచి పుట్టింది. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి, తెలుగాయన. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది కూడా ఆయన బృందమే. ఆడపిల్లలూ, వారం వారం నేనిస్తే మీరు దిండు కింద దాచేసే ఆ నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆయన 1948లో పోయారు. టెర్రీ అప్పటికి పుట్టనేలేదు. పరిశోధనకు ఇచ్చే డబ్బు అలాంటిది. ఎవరి చేతికి అందుతుందో ఇచ్చినవాడికి తెలియదు. ఛార్జీలకిచ్చే డబ్బు మనిషిని ఆసుపత్రి దాకా తీసుకుపోతుంది. అక్కడ ఇవ్వడానికి మందంటూ ఉండటం పరిశోధన వల్ల.

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి, కృత్రిమ కాలుతో న్యూయార్క్ మారథాన్ పూర్తి చేసిన డిక్ ట్రామ్ అనే ఆయన గురించి పత్రికలో వచ్చిన వ్యాసం టెర్రీ చదివాడు. అదీ బాస్కెట్‌బాల్ కోచ్ తెచ్చిచ్చినదే. కోచ్‌లు, మాస్టార్లు ఇలాంటి చిన్న పనులు చేస్తూ ఉండాలి. మొదట చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆడాడు. తర్వాత పద్నాలుగు నెలలు పరుగు సాధన. 1979లో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్ళో 27 కిలోమీటర్ల పోటీలో పరిగెత్తాడు. అందరికంటే ఆఖరున వచ్చాడు, తన ముందువాడి కంటే పది నిమిషాలు వెనక. అయినా పూర్తి చేశాడు. ఆ తర్వాతే అసలు సంగతి ఇంట్లో చెప్పాడు: దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెడతాను, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేస్తాను. తల్లి ఒప్పుకోలేదు. ఏ తల్లి ఒప్పుకుంటుంది?

క్యాన్సర్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. పరీక్ష చేస్తే గుండె గోడ కాస్త మందమైందని తేలింది. గుండెకు ఇబ్బంది అనిపిస్తే ఆపేస్తానని మాటిచ్చాడు. ఒక కంపెనీ వ్యాను, ఒకరు పెట్రోలు, ఒకరు బూట్లు ఇచ్చారు. తమ సరుకుకు ప్రచారం చేయమన్నవాళ్ళను మాత్రం వద్దన్నాడు.

1980 ఏప్రిల్ 12. తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్ళలో ముంచాడు. రెండు సీసాల్లో సముద్రపు నీళ్ళు నింపుకున్నాడు. ఒకటి దాచుకోవడానికి, ఒకటి పడమటి కొసన పసిఫిక్‌లో పోయడానికి. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజుకో మారథాన్. మనవాళ్ళలో ఎంత బాగా పరిగెత్తేవాడైనా ఒక మారథాన్ తర్వాత వారం పడుకుంటాడు. ఆ కాలపు కృత్రిమ కాలు నడవడానికి చేసింది, పరిగెత్తడానికి కాదు. దాని స్ప్రింగు తిరిగి సర్దుకునే లోపల మంచి కాలితో ఇంకో గెంతు వేయాలి. అందుకే ఆయన పరుగులో మంచి కాలు రెండుసార్లు, కృత్రిమ కాలు ఒకసారి నేల తాకేది. ఆ భారమంతా ఆ ఒక్క కాలి మీదే. మోకాలు వాచింది. ముంగాలి ఎముక నొప్పి. మొండి కాలు రాసుకుని పుండ్లు, గడ్డలు. కళ్ళు తిరగడం.

వ్యాను నడిపింది, వంట చేసింది ఆ పాత స్నేహితుడు డగ్. ఇద్దరూ ఒకే వ్యానులో రాత్రీ పగలూ ఉండేసరికి తగువులు పడ్డారు. నోవాస్కోషియా చేరేసరికి మాటలు లేవు. తల్లిదండ్రులు అంత దూరం నుంచి వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. పదిహేడేళ్ళ తమ్ముడు డారెల్ మధ్యవర్తిగా వ్యానెక్కాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేపు పరుగు ఏర్పాట్లలో మీ మధ్య కూడా తగువులొస్తాయి. వస్తే పని చెడిందనుకోకండి.

మొదట్లో కొన్ని ఊళ్ళలో పట్టించుకున్నవారే లేరు. క్యూబెక్‌లో భాష వేరు, అక్కడ చాలామందికి ఈయన ఎవరో తెలియదు. వాహనాలు రోడ్డు దిగిపొమ్మన్నట్టు హారన్లు కొట్టాయి. కానీ పోర్ట్ ఓ బాస్క్ అని ఒక చిన్న ఊరు, పదివేల జనాభా, వాళ్ళు పదివేల డాలర్లకు పైగా ఇచ్చారు. తలకు డాలరు. దేశమంతా ఇలా ఇస్తే, అని అక్కడే టెర్రీ ఆశకు ఒక లెక్క దొరికింది: కెనడా జనాభా అప్పుడు 2 కోట్ల 40 లక్షలు, కాబట్టి 2 కోట్ల 40 లక్షల డాలర్లు. టొరంటో చేరేసరికి చౌక్‌లో పదివేల మంది. ఒక్క రోజులో లక్ష డాలర్లు. అయితే ఆయన ఎక్కువగా చెప్పుకున్నది ఆ జనం గురించి కాదు. అదే జబ్బుతో కాలు పోయిన పదేళ్ళ అబ్బాయి ఒకడు సైకిలు తొక్కుతూ కొన్ని మైళ్ళు ఆయన వెనకే వచ్చాడు. తన ప్రయాణంలో అన్నిటికంటే తనను కదిలించింది అదేనన్నాడు.

ఇప్పుడు మెచ్చుకోలు ప్రసంగాల్లో సాధారణంగా చెప్పని ముక్క. దారిలో టెర్రీ క్రమంగా చేయించుకోవాల్సిన చెకప్‌లు మానేశాడు. డాక్టర్ల దగ్గరికి పోతే ఆపేయమంటారని భయం. చీలమండ నొప్పి పెడితే ఎముక పగిలిందేమోనని అనుమానం వచ్చి కూడా మూడు రోజులు పరిగెత్తాడు. తర్వాత చూపించుకుంటే ఎముక బాగానే ఉంది, దాన్ని కండరానికి కట్టిపెట్టే తాడులాంటి భాగం వాచింది, మందుతో తగ్గుతుంది అన్నారు. ఆయన పట్టుదలకు నేను దణ్ణం పెడతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన దారి నాకు నచ్చదు, మీకు నచ్చకూడదు. ఆయన క్యాన్సర్ ఆ చెకప్‌లతో ఆగేదా లేదా అన్న వాదనలోకి నేను పోను. మన ఏజెన్సీలో నొప్పి ఓర్చుకోవడం పెద్ద గొప్పగా చూస్తాం. కొండ దిగి గెడ్డ దాటి డోలీ మోసే మీరు ఓర్పు ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. మీకు అరువుగా కావలసింది రెండోది: సమయానికి ‘నొప్పిగా ఉంది’ అని నోరు తెరవడం.

మన కుర్రాడొకడున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, సంగతి చెప్పమన్నాడు. కబడ్డీ ఆడేవాడు. జోనల్ పోటీల కోసం మోకాలి నొప్పి మూడు నెలలు దాచాడు. మెట్లు ఒక్కొక్కటిగా, పక్కకు తిరిగి దిగుతుంటే మా వంట మనిషి ముందుగా చూసి నాతో చెప్పింది. మర్నాడే కిందికి తీసుకుపోయాం, అక్కణ్ణుంచి విశాఖ. టెర్రీకి వచ్చిందే. ఇప్పుడు చాలామందికి కాలు తీయకుండానే లోపలి ఎముక భాగం మార్చి ఆపరేషన్ చేస్తున్నారు. వీడికి అది కుదరలేదు, గడ్డ పెద్దది. కాలు తీశారు. కీమో అయింది. వచ్చే సోమవారం ఇంటర్ రెండో సంవత్సరానికి హాస్టలుకు వస్తున్నాడు. జైపూర్ కాలు పెట్టించుకున్నాడు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ సేఠీ కలిసి రూపొందించిన పాదం అది. బూట్లు లేకుండా పొలంలో నడవచ్చు, నేల మీద కూర్చోవచ్చు. వాడు నాకు చెప్పింది ఒకటే: ‘మేడమ్, నన్ను చూసి ఎవరూ ఏడవొద్దని చెప్పండి. మంచం మాత్రం కింది అంతస్తులో వేయించండి.’ వేయించాను.

టెర్రీ 1980 సెప్టెంబరు 1న థండర్ బే పట్టణం బయట ఆగాడు. దగ్గు, ఛాతీలో నొప్పి. దారి పక్కన జనం చప్పట్లు కొడుతుంటే, వాళ్ళు కనుమరుగయ్యే దాకా పరిగెత్తి వ్యానెక్కి ఆసుపత్రికి పోనివ్వమన్నాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు రహదారి నాలుగు వేలకు అటూ ఇటూ ఉంటుంది, పోల్చుకోండి. అప్పటికి వచ్చింది 17 లక్షల డాలర్లు. వారం తిరక్కుండా ఒక టీవీ ఛానల్ పెట్టిన చందా కార్యక్రమానికి కోటి 5 లక్షలు వచ్చాయి. 1981 ఫిబ్రవరికి మొత్తం 2 కోట్ల 41 లక్షలు దాటింది. తలకు డాలరు. ఆ లెక్క ఆయన బతికుండగానే తీరింది. 1981 జూన్ 28న పోయాడు. నెల రోజులుంటే ఇరవై మూడేళ్ళు నిండేవి.

ఆ సెప్టెంబరులోనే ఆయన పేర మొదటి పరుగు పెట్టారు. 3 లక్షల మంది వచ్చారు, 35 లక్షల డాలర్లు. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. మన పక్కన చెన్నైలో ఐఐటీ ప్రాంగణంలోనూ జరుగుతుంది. ఇప్పటిదాకా ప్రపంచమంతా కలిపి పోగైంది 80 కోట్ల డాలర్లకు పైమాటే. 2007లో ఆయన పేర పరిశోధన సంస్థ కూడా వచ్చింది. ‘పరిగెడితే క్యాన్సర్ ఎలా తగ్గుతుంది’ అన్న తమ్ముడూ, పరుగు తగ్గించదు. పరుగు చూసినవాడు జేబులో చెయ్యి పెడతాడు.

ఇక మన పరుగు. టెర్రీ పరుగులో పోటీ ఉండదు, మొదటి బహుమతి ఉండదు. మనమూ అలాగే చేద్దాం. నడిచేవాళ్ళు నడవండి, ముసలమ్మలు గెడ్డ దాకా వచ్చి వెనక్కి పోవచ్చు. ప్రవేశ రుసుము లేదు. టీషర్టు మీద తన బొమ్మ వేయమని ఒక నాయకుడు కబురు పంపాడు. వద్దని చెప్పేశాం, కోపం వస్తే రానివ్వండి. డబ్బాలు మూడు. వాటికి తాళాలు వేసి, చెవులు ముగ్గురు వేర్వేరు ఊళ్ళవాళ్ళ దగ్గర పెడదాం. లెక్క అదే రోజు సాయంత్రం సంతలో, మైకులో చదవాలి. సగం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పోయే మన కుటుంబాల ఛార్జీలకు, తిండికి. సగం పరిశోధనకు. ఈ పంపకం మీద ఇంకా వాదన ఉంటే ఈ రాత్రికే తేల్చుకోండి. నా ఓటు రెండు సగాలకూ.

కాలు నొప్పి ఉన్నవాళ్ళు ఆ రోజు పరిగెత్తకండి, డబ్బా పట్టుకోండి. పరుగుకు ముందు రోజు హాస్టల్లో ఏఎన్ఎం గారు, పీహెచ్‌సీ డాక్టరు గారు ఉంటారు. మూడు వారాలకు మించి ఏ నొప్పి ఉన్నా ఆవిడ దగ్గర రాయించుకోండి. పేర్లు నేను గోడకు అంటించను. పరుగుకు పేర్లిచ్చేవాళ్ళు ఆ నీలం చీర కట్టుకున్న అక్క దగ్గర పుస్తకం ఉంది, భోజనాలకు లేచేలోపు రాయించండి. జోహార్.